నీరడిగితే కాఫీ ఇచ్చిన ఊరు

అరకులో మా కాఫీ రైతుల సంఘం గోదాము తలుపు పక్కన, నా చేతిరాతతో ఒక అట్ట ఇంకా వేలాడుతోందని విన్నాను. లోపలికి ఏమేమి తేకూడదో దాని మీద ఉంటుంది. ఎండుచేపలు, బీడీలు, కిరసనాయిలు, ఎండుమిరపకాయలు, తలకి రాసుకునే వాసన నూనె. ఇవన్నీ నల్ల సిరాతో రాశాను. అన్నిటికన్నా కింద, ఎర్ర సిరాతో ఇంకో వస్తువు ఉంటుంది: కలరా ఉండలు.

"బట్టల పెట్టెలో వేసుకునే ఉండల్ని గోదాములోకి ఎవరు తెస్తారు సార్?" అని ఈ మధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోనులో అడిగింది. తెచ్చినవాడిని నేనే తల్లీ అని అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. రాసి పంపుతానన్నాను. మిగతా పిల్లలు కూడా చదువుకోండి.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. పదో తరగతి తప్పాను. ఆ తరవాత నా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. కథలు, చరిత్ర, భూగోళం, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అట్టలూడిన పుస్తకాల్ని జాబితాలోంచి కొట్టేసేటప్పుడు అక్కడి లైబ్రేరియన్ నాకు కబురు పెట్టేవారు. అలా నలభై పుస్తకాలు నావయ్యాయి. వాటికో రేకు పెట్టె కొన్నాను. "పుస్తకానికి మనిషికన్నా పురుగు పెద్ద శత్రువు. పెట్టెలో కలరా ఉండలు వేస్తూండు" అని ఆయన చెప్పిన మాట నేను ఒక్క నెల కూడా తప్పలేదు.

తొంభైల మొదట్లో సంఘంలో గోదాము గుమాస్తాగా చేరాను. గోదాము పనికి చదువుకన్నా అనుమానం ముఖ్యమని మొదటి నెలలోనే తెలిసింది. సంతలో వర్తకుడి తక్కెడ ఒక వేపుకి ఎందుకు వాలుతుందో చూడాలి. లారీ డ్రైవరు ఎందుకంత మర్యాదగా ఉన్నాడో ఆలోచించాలి. నా అనుమానం నాలుగైదుసార్లు నిజమైంది. దాంతో నాకు దాని మీద విపరీతమైన నమ్మకం ఏర్పడింది. అన్నిటినీ అనుమానించాను గానీ అనుమానాన్ని మాత్రం అనుమానించలేదు.

కాఫీ గింజ పక్కనున్న వాసనని పీల్చేసుకుంటుంది. పత్తిలా పీలుస్తుంది. అందుకే ఆ అట్ట రాశాను, దాన్ని కఠినంగా అమలు చేశాను. గింజలేరడానికి వచ్చే ఒకావిడ సంత రోజున కొన్న ఎండుచేపల పొట్లం కొంగులో దాచుకుని లోపలికి వచ్చింది. బయట బండ మీద పెట్టి రమ్మన్నాను. కాకులు తన్నుకుపోయాయి. ఆవిడ సాయంత్రం వెళ్తూ నా వేపు ఒకసారి చూసింది, అంతే. నియమం నియమమే కదా అనుకున్నాను.

ఇక అసలు సంగతి. రెండువేల సంవత్సరం దాటాక మా కాఫీ ఐరోపాకి నేరుగా వెళ్ళడం మొదలైంది. కొన్నవాళ్ళు ఇటలీలో ట్రియెస్టే అనే పాత రేవు పట్నంలో ఉండేవారు. సరుకు పంపేటప్పుడు ప్రతి బస్తాలోనూ ఇనప గొట్టం గుచ్చి కాసిని గింజలు తీసి, అన్నీ కలిపి, రెండు సంచుల్లో పోసి లక్క సీలు వేస్తాం. ఒక సంచి కొన్నవాళ్ళకి కొరియర్లో వెళ్తుంది. దాని జత మన దగ్గర ఉంటుంది. రేపు తగువొస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఆ సంచులు ఆఫీసు బీరువాలో ఉండాలి. బీరువా తాళాలు ముగ్గురి దగ్గర ఉండేవి. ముగ్గురు నాకు ఇద్దరెక్కువ. ఎవరైనా శాంపిల్ మార్చేస్తే? అందుకని ఆ ఏడు రెండు సంచుల్నీ నా గదికి తీసుకుపోయి, నా పెట్టెలో, నా పుస్తకాల మధ్య పెట్టి తాళం వేశాను. వారం గడిచాక ఒకటి కొరియర్‌కిచ్చాను. రెండోది అక్కడే ఉండిపోయింది.

చదువుతున్న మీకు తెలిసిపోయింది. నాకు తెలియలేదు.

సరుకు విశాఖ రేవులో ఓడెక్కిన చాలా రోజులకి ఉత్తరం వచ్చింది. మేనేజరుగారు పచ్చకామెర్లతో ఆసుపత్రిలో ఉన్నారు. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండు పేజీల ఉత్తరం. మొదటి పేరా అంతా పొగడ్త. పొగిడేవాడు తరవాత ఏదో అడుగుతాడని నాకు తెలుసు కాబట్టి దాన్ని దాటేశాను. రెండో పేరాలో అసలు మాట ఉంది. శాంపిల్‌లో ఏదో మందు వాసన ఉంది, సరుకు దించుకునే ముందు సీలు వేసిన మనిషి జత సంచితో స్వయంగా రావాలి, సంఘం తరఫున ఒక పెద్ద కూడా రావాలి, ప్రయాణం ఏర్పాట్లు మేమే చేస్తాం, అని.

సంఘం అధ్యక్షుడు కొండ రైతు, అరవై దాటినాయన. నేను పెద్దయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. ఆయనకి చదువు రాదు. కొండ మీద ఆయన వాకిట్లో, పది పదకొండు ఊళ్ళవాళ్ళు కూర్చుని ఉండగా అడిగాడు.

"ఏటి రాసినారు బాబూ?"

"ధర తగ్గించడానికి నాటకం పెద్దయ్యా. సరుకు దారిలో పెట్టుకుని ఇప్పుడు వంకలు పెడుతున్నారు."

వాసన అన్న మాట నేను ఎత్తలేదు. మందు వాసనంటే ఎవరి తోటలో ఎవరు మందు కొట్టారోనని వాళ్ళలో వాళ్ళు తగువు పడతారని, నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. నిజానికి నా తీర్పు అప్పటికే రాసేసుకున్నాను. సాక్ష్యం వినడం అనవసరమనిపించింది.

ఆయన చాలాసేపు కాలి బొటనవేలితో నేల గీకాడు. "ఈ యేడు సంత షావుకారికి గింజ ఇవ్వొద్దని ఇల్లిల్లూ తిరిగి సెప్పినాను. నా మాట మీద ఇచ్చినారు. సరుకు ఎనక్కొచ్చిందనుకో, నాను మరి ఈ కొండెక్కలేను బాబూ" అన్నాడు.

బయల్దేరే ముందు నా భూగోళం పుస్తకం తీసి ఆ ఊరి గురించి చూశాను. చూడగానే ఒళ్ళు జలదరించింది. పుస్తకంలో ఆ ఊరు ఆస్ట్రియా చక్రవర్తి రేవు! వీళ్ళ కాగితం మీదేమో ఇటలీ అని అచ్చు వేసుకున్నారు. తమ ఊరు ఏ దేశంలో ఉందో కూడా సరిగా చెప్పనివాళ్ళు కాఫీ సంగతి ఏం చెబుతారు? ఆ పేజీ గుర్తుకి పుల్ల పెట్టి, పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకున్నాను. అరకు చలికి వేసుకునే ఉన్ని కోటు పెట్టె అడుగునుంచి తీసి తొడుక్కున్నాను.

పెద్దయ్యా నేనూ ట్రియెస్టేలో దిగాం. అక్కడ మమ్మల్ని కలుసుకోవడానికి ఒక తెలుగమ్మాయి వచ్చింది. గుంటూరు వేపు పిల్ల, ఆ ఊళ్ళో భౌతికశాస్త్రం చదువుతోంది. మాట సాయానికి పెట్టారు. కొన్నవాళ్ళు పెట్టిన మనిషి కాబట్టి ఆమెనీ అనుమానించాను. పుస్తకం తీసి ఆ పేజీ చూపించి, "దీనికేమంటావమ్మా?" అన్నాను. ఆమె అట్ట తిప్పి, పుస్తకం అచ్చయిన సంవత్సరం చూసింది. "అంకుల్, మొదటి ప్రపంచ యుద్ధం ఒకటి జరిగింది" అంది మెల్లగా. ఆస్ట్రియా ఓడి రేవులు పోగొట్టుకున్న ఆ యుద్ధం గురించి కూడా నేను చదివాను. వేరే పుస్తకంలో.

ఆ ఊరు ఎలా ఉంటుందని అడుగుతారు కదా. తాతగారి కోటు మనవడు శుభ్రంగా ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టు ఉంటుంది. ఎత్తయిన రాతి మేడలు, మేడల అంచున బొమ్మలు, ట్రాము కొండెక్కే దారి. సముద్రం ఒడ్డున పెద్ద చదును. దానికి మూడు వేపులా రాజభవనాల్లాంటి కట్టడాలు, నాలుగో వేపు నీళ్ళే. పెద్దయ్య దాని మధ్య నిలబడి అంతా ఒకసారి చుట్టి చూశాడు. "మూడేపులా గోడలు కట్టినారు. నాలుగో ఏపు తలుపెయ్యడం మర్సిపోనారు" అన్నాడు.

వీధి మూలల్లో ఎవరో ఇనప కడ్డీలకి పొడుగాటి తాళ్ళు బిగిస్తున్నారు. ఎవర్ని కట్టెయ్యడానికి అన్నాను. "గాలికంకుల్. ఇక్కడ కొండ మీద నుంచి ఒక గాలి దిగుద్ది. ఆ రోజు మనుషులు తాడు పట్టుకుని నడవాలి." నేను నమ్మలేదు. ఊరికి కొత్తవాణ్ణి అని ఆటపట్టిస్తోందనుకున్నాను.

కాఫీ హోటలుకి తీసుకెళ్ళింది. చలువరాతి బల్లలు, మసకబారిన నిలువుటద్దాలు, నల్లకోటు వేసుకున్న సర్వరు. దినపత్రికలు కర్రలకి బిగించి మేకులకి తగిలించారు. మా గ్రంథాలయంలో పేపరుకి పురికొస కట్టి బల్లకి ముడేసేవారు. ఇక్కడా పేపరు దొంగలున్నారన్న మాట అని మనసులో రాసుకున్నాను. ఆమె ఫోను మాట్లాడటానికి బయటికెళ్ళింది. పెద్దయ్యకి దాహమేసింది. సర్వరుని చూసి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి, "నీరు బాబూ, నీరు" అన్నాడు.

సర్వరు తలూపి, బొమ్మరిల్లు సామానంత కప్పులో నల్లటి కాఫీ తెచ్చి పెట్టాడు.

పెద్దయ్య దాన్ని మందులా మింగి మొహం చిట్లించాడు. "నీరు" అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా. ఇంకో కప్పు వచ్చింది. మూడోది కూడా వచ్చాక ఆయన నా వేపు తిరిగి, "ఇదేటి బాబూ ఇది! మనమమ్మిన గింజ మనకే పట్టించేత్తన్నారు!" అన్నాడు. నేనైతే దీంట్లో కుట్ర ఉందని తేల్చేశాను. అమ్మాయి తిరిగొచ్చి మూడు ఖాళీ కప్పులు చూసి, సంగతి విని, బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ ఊళ్ళో నల్ల కాఫీని నేరో అంటారట. పెద్దయ్య నీరు అన్న ప్రతిసారీ సర్వరుకి అదే వినపడింది. మిగిలిన రెండు రోజులూ పెద్దయ్య దేన్నయినా నీరు అనే ముందు ఒకసారి ఆగి ఆలోచించేవాడు.

మర్నాడు పొద్దున్న గాలి దిగింది. అమ్మాయి అబద్ధం చెప్పలేదు. ఇద్దరం తాడు పట్టుకుని కొన్నవాళ్ళ ఆఫీసుకి నడిచాం.

రుచి చూసే గది చిన్నది, తెల్లగా, ఆపరేషను గదిలా ఉంది. గుండ్రటి బల్ల చుట్టూ కప్పులు. కాఫీ రుచి చెప్పే ఆయన డెబ్భై ఏళ్ళ మనిషి, మెడలో సీతాకోకచిలకలాంటి టై, జేబులో సొంత వెండి చెంచా. కాఫీని చెంచాతో ఎత్తి జుర్రుమని పీల్చి ఉమ్మేసేవాడు. మా ఇంట్లో అలా చప్పుడు చేస్తే అమ్మ విసనకర్ర తిరగేసేది. నా ఎదురుగా సీలు పగలగొట్టి, జత సంచి విప్పాడు. గింజల్లో ముక్కు పెట్టి వెంటనే తీసేశాడు. వాళ్ళకి ముందు వచ్చిన సంచి కూడా వాసన చూశాడు. రెండూ ఒకటేనని తలూపాడు.

"చూశావా అమ్మా, రెండూ ఒకటే. మేం ఏమీ మార్చలేదు" అన్నాను గెలిచినట్టు.

"ఒకటే అంకుల్. రెండిట్లోనూ ఒకటే మందు వాసన అంటున్నారు."

నేను గింజలు దోసిట్లోకి తీసుకుని గట్టిగా పీల్చాను. నాకు ఏ వాసనా రాలేదు. అబద్ధం, నాటకం అని నా లోపల గంటలు మోగుతున్నాయి. అంతలో ఆ ముసలాయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన ఆగాడు. వంగి నా భుజం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "అమ్మా, ఆయనకి చెప్పు. మేం పేదవాళ్ళం కావచ్చు గానీ స్నానం చేసే వచ్చాం అని చెప్పు!"

"ఆయన ఆ మాట అన్లేదంకుల్..."

పెద్దయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకో బాబూ. ఆయన నీ కోటు వాసన సూత్తన్నాడు. నీ పెట్టి వాసన."

"ఏ పెట్టె?"

"పుస్తకాల పెట్టి. నువ్వు మా వాకిట్లో మంచం మీద కూకుని ఎల్లిపోయినాక రెండ్రోజులు ఆ మంచం అదే వాసన. మా ఆడోళ్ళు నిన్ను ఉండల బాబు అంతారు. నీకు తెల్దేటి?"

తెలియదు. పదేళ్ళ నుంచి ఆ పేరుతో కొండంతా నన్ను పిలుస్తున్నారు, నాకు తెలియదు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం పెద్దయ్యా?"

"వాసన గొడవని నువ్వు నాకు సెప్పినావేటి? ధర గొడవన్నావు."

అప్పుడు నేను చెయ్యవలసిన పని ఒకటే. ఆ అమ్మాయికి తెలుగులో చెప్పి ఊరుకోవాలి. కానీ తప్పు నాది కాబట్టి నా నోటితో, నేను నేర్చుకున్న ఇంగ్లీషులో ఒప్పుకోవాలనిపించింది. చేతులు కట్టుకుని ముసలాయనతో, "సర్, కలరా బాల్స్. ఐ కెప్ట్ కాఫీ విత్ కలరా బాల్స్" అన్నాను.

కలరా అన్న మాటకి ఆ ఊళ్ళో తర్జుమా అక్కర్లేదు. ఓడల కాలంలో ఆ రోగాన్ని చూసిన రేవు అది. ముసలాయన చేతిలో చెంచా జారి కప్పులో పడింది. నాలుగడుగులు వెనక్కేశాడు. రాతబల్ల దగ్గరున్నావిడ ఫోను ఎత్తింది. అమ్మాయి మాట్లాడదామని నోరు తెరిచి, నవ్వు ఆపుకోలేక గోడకి చేరగిలబడింది. పెద్దయ్య ఒక్కడే నింపాదిగా కూర్చుని, "ఏటన్నావు బాబూ? మంచి మాటే అన్నావా?" అని అడిగాడు.

అమ్మాయి తేరుకుని, అవి బట్టల్లో వేసుకునే నాఫ్తలీన్ ఉండలని, శాంపిల్ సంచులు అవి వేసిన పెట్టెలో ఉన్నాయని, మా వేపు వాటికి ఆ పేరెందుకొచ్చిందో దేవుడికే తెలియాలని వాళ్ళ భాషలో చెప్పింది. ఫోను కిందికి దిగింది. ముసలాయన మాత్రం నవ్వలేదు. ఒక్కటే అడిగాడు: ఆ పెట్టె బస్తాల దగ్గరికి వెళ్ళిందా? లేదన్నాను. గోదాములో మీరు తిరిగారా? తిరిగానన్నాను. ఈ కోటుతోనా? చలికాలం కదా, కొన్ని రోజులు ఈ కోటుతోనే.

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. లారీ డ్రైవర్ల వేపు నేను చూసే చూపు. నన్ను నమ్మలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. రేవులో ఉన్న కంటైనరు తెరిపించి, తన చేత్తో గింజలు తీసి చూస్తానన్నాడు. ఏ బస్తాలో గుచ్చాలో పెద్దయ్య చూపించాలి. వాసనుంటే సరుకు అదే ఓడరేవు నుంచి వెనక్కి. నేను మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు. కోటు విప్పేస్తానన్నాను. చొక్కాకి కూడా ఉందట. "బయట ఉండమంటున్నారంకుల్" అంది అమ్మాయి, నా వేపు చూడకుండా.

వాళ్ళు రేవుకి వెళ్ళారు. నేను వీధి మూలలో తాడు పట్టుకుని నిలబడ్డాను. గాలి కోటు కాలరు ఎత్తి నా ముక్కుకేసి కొట్టింది. అప్పుడు వచ్చింది వాసన. ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి, ఘాటుగా, కళ్ళు మండేలా. నాకు పది పదకొండు ఊళ్ళు గుర్తొచ్చాయి. ఎండుచేపల పొట్లం బండ మీద పెట్టి, ఖాళీ చేతుల్తో గింజలేరిన ఆవిడ గుర్తొచ్చింది.

గంట తరవాత చిన్న సంచితో తిరిగొచ్చి, నన్ను దాటుకుని లోపలికి పోయారు. పెద్దయ్య నా వేపు తల తిప్పలేదు. గింజలు వేపాలి, చల్లార్చాలి, పొడి చెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి, ఆగాలి. అదంతా తెలుసు కాబట్టి ప్రతి నిమిషం ఎక్కడుందో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. చేతులు తాడుకి అతుక్కుపోయాయి.

తలుపు తెరుచుకుంది. పెద్దయ్య ఒక చిన్న కప్పుని, దీపాన్ని కాపాడినట్టు అరచెయ్యి అడ్డుపెట్టి తెచ్చాడు.

"ఇంద బాబూ. నీరు."

"ఏమన్నారు?"

"తాగు ముందు."

"బేగి చెప్పు పెద్దయ్యా!"

"దింపుకుంతారట. వాసన నేదు. ఆ ముసిలాయన నాలుగుసార్లు జుర్రినాడు, నాలుగోది ఉమ్మనేదు."

తాగాను. నాకు వాసనలూ రుచులూ ఏవీ తెలియలేదు. వెచ్చగా ఉంది, అంతే. కప్పు తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు.

"ఆ ఉత్తరం నీ జేబులో ఉన్నాది కదా. తియ్యి. ఇప్పుడు సదువు. ఉన్నది ఉన్నట్టు."

తాడు వదిలి, రెండు చేతుల్తో కాగితం పట్టుకున్నాను. గాలికి నేను పడిపోకుండా ఆయన నా కోటు వెనక పట్టుకున్నాడు. మొదటి పేరా నుంచి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ చదివాను. పోయినేడు మీ కొండల నుంచి వచ్చినంత శుభ్రమైన గింజ మేం అరుదుగా చూస్తాం. అందుకే ఈ వాసన మీ రైతులది కాదని నమ్ముతున్నాం. ఎక్కడ అంటుకుందో కలిసి వెతుకుదాం, రండి.

ఆయన అంతా విన్నాడు. తరవాత అడిగాడు.

"ఈ ముక్క కొండ మీద మావోళ్ళకి సెప్పనేదేటి బాబూ?"

గాలి హోరులో వినపడనట్టు ఊరుకున్నాను. ఆయన నా కోటు వదల్లేదు. ఇంకా దగ్గరికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, మళ్ళీ అదే అడిగాడు.